ఆడబిడ్డ చెయ్యి

ఇంట్లో గొర్రెలు, మేకలు ఏమైనా ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. అడిగింది కన్నడంలో. నరసక్కకు కన్నడం బాగానే వచ్చు. అయినా అర్థం కానిదానిలా కాసేపు చూసి, లేవని తల అడ్డంగా ఊపింది.

పచ్చి అబద్ధం అనడానికి లేదు. డాక్టరమ్మ అడిగింది ఆస్పత్రి మంచం మీదున్న కూతురు నేత్రావతి ఇంటి గురించి. నేత్రావతి అత్తగారింట్లో నిజంగానే జీవాలు లేవు. మొగుడు శివరాజు సోలార్ పార్కులో పలకలు కడిగే కూలి. నేత్రావతీ అక్కడే పలకల కింద గడ్డి కోసే కూలి. జీవాలున్నది నరసక్క ఇంట్లో, నాగలమడిక పక్క పల్లెలో, కొడుకు ఓబులేశ్ చేతి కింద. పుట్టింటి సంగతి డాక్టరమ్మ అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పాల్సిన పని లేదని నరసక్క తనకు తాను సర్దిచెప్పుకుంది.

నేత్రావతిని పక్కకు తిప్పి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడిచి పట్టుకుంది నర్సు. డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ చేతిలో తడబాటు లేదు. నడుము ఎముకల మధ్య వేలితో తడిమి, చోటు చూసుకుని, పొడుగాటి సూది దించింది. లోపలి నీళ్ళు బొట్లు బొట్లుగా చిన్న సీసాల్లోకి పడ్డాయి. చూడడానికి అవి తాగే నీళ్ళలాగే ఉన్నాయి. వాటిలో ఏదో కూచుని కూతుర్ని లోపల్నుంచి తింటోందంటే నరసక్కకు ఒళ్ళు మండిపోయింది. నేత్రావతి అరవలేదు. ఆమె అరిచే మనిషి కాదు. తల్లి వేళ్ళు మాత్రం ఎముకలు కలిసిపోయేలా నొక్కింది.

జబ్బు వానలు వెనకబట్టినప్పుడు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, దుప్పటి తడిసేంత చెమట, తెల్లారితే ఏమీ ఎరగనట్టు తగ్గిపోవడం. తర్వాత నడుం నొప్పి, తల నొప్పి. తర్వాత కాళ్ళు తేలిపోయాయి. మొదట చూపించిన చోట టీబీ తలకెక్కిందన్నారు, మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. టీబీ అన్న మాట చెవిన పడగానే కాంట్రాక్టరు దేవరాజ్ గడ్డి పనికి ఇక రావద్దన్నాడు. పక్కింటివాళ్ళు గ్లాసులు దాచుకున్నారు. ఈలోగా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఎవరో ఇసక పోస్తున్నట్టు ఉందని నేత్రావతి అంటోంది.

ఈ నీళ్ళు బెంగళూరు పోతాయని డాక్టరమ్మ చెప్పింది. ప్రతి క్రిమికీ దాని జాతి గుర్తు దాని ఒంట్లోనే రాసి ఉంటుందట. మిషను ఆ రాతనంతా చదివి, అది ఏ బాక్టీరియాదో ఏ బూజుదో పోల్చి పేరు చెబుతుందట. మామూలు పరీక్షలో ఫలానాది ఉందా అని అనుమానపడి వెతకాలి. ఇందులో అనుమానంతో పని లేదు, ఉన్నదేదో దానంతట అదే బయటపడుతుంది. త్వరగా తేలితే కుడి చెవైనా నిలబెట్టుకోవచ్చు, కాళ్ళూ తిరిగి రావచ్చు. ఆలస్యమైతే మాత్రం తాను మాట ఇవ్వలేనంది.

ఈ కబురు విని నరసక్కకు భయం వేయాలి. వింతగా ప్రాణం తెరిపిన పడింది. మిషను చెబితే తాను చెప్పినట్టు కాదు. అమ్మవారు మనుషుల నోళ్ళు వింటుంది గానీ మిషన్లను పట్టించుకోదు.

ఆమె కట్టుబడిన మాట ఇది. మందలో కడుపు జారితే ఆ సంగతి నోట పలకగూడదు. చచ్చిన పిల్లను మట్టిలో పెట్టి, చేతులు కడుక్కుని, ఊరుకోవాలి. మళ్ళీ ఒక పిల్ల బతికి పుట్టి, లేచి తల్లి పొదుగు పట్టేదాకా ఇంట్లో ఒకరితో ఒకరు కూడా ఆ ఊసు ఎత్తగూడదు. ఎత్తితే ఆ జారుడు మందను దాటి ఇంటి ఆడవాళ్ళ కడుపుల మీదికి వస్తుంది. నరసక్కకు ఈ మాట అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త. అడ్డం తిరిగిన పిల్లను లాగాల్సింది కూడా ఆ ఇంటి ఆడబిడ్డే. నేత్రావతి చెయ్యి సన్నం, వేళ్ళు పొడుగు. పెళ్ళయి వెళ్ళినా తమ్ముడు ఫోను చేస్తే చాలు, గడ్డికొడవలి పక్కన పడేసి వచ్చేది. ఈ ఏడాది ఈతల్లో సగానికి సగం చచ్చిన పిల్లలే. అన్నీ మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆమే తీసింది. ఒక్కటైనా బతుకుతుందేమోనని ముక్కుల్లోకి నోటితో గాలి ఊదింది. అత్తింటికి పోయి మొగుడికి కూడా చెప్పలేదు. ఏడాదికొక చీర పెట్టి ఆ చేతితో ఎంత పని చేయించుకున్నామో ఇప్పుడు తలచుకుంటే నరసక్కకు సిగ్గేస్తోంది.

సిగ్గేసినా చెప్పే వీలు లేదు. ఓబులేశ్ భార్య ధనుశ్రీ కడుపుతో ఉంది. తొలిచూలు నిలవలేదు, ఇది రెండోది.

*

పక్క మంచం మీది ముసలామెకు తోడుగా ఆమె కొడుకు ఈశ్వరప్ప పగలంతా వార్డులోనే ఉంటున్నాడు. వై.ఎన్.హొసకోటలో జీవాల బేరగాడు. మంచి మనిషే, తన ఫ్లాస్కులో టీ ముందు నరసక్కకే పోస్తాడు. నోటికి మాత్రం మూత లేదు. ఏ ఊరి మందకు గాలికుంటు వచ్చింది, ఎవరు పళ్ళు పోయిన గొర్రెను పడుచుదని అమ్మినారు, అన్నీ అతని దగ్గర ఉంటాయి. ఓబులేశ్ మందను ఫలానావాళ్ళు బేరమాడుతున్నారటగా, జీవాలు బాగున్నాయా అని రెండు మూడుసార్లు అడిగాడు. బాగున్నాయని నరసక్క టీ గ్లాసు వంక చూస్తూ అంది.

నేత్రావతితో మాట్లాడాలంటే ఇప్పుడు కుడి వైపు వంగాలి. మొదటి రోజు చెవి పక్కన చెప్తే వినేది. తర్వాత గొంతు పెంచాల్సి వచ్చింది. ఆమె ఎదుటివాళ్ళ పెదాల వంకే చూడడం మొదలుపెట్టింది. ఏదో అడిగితే ఇంకోదానికి జవాబు చెప్పి, తప్పు చెప్పానని అవతలివాళ్ళ ముఖంలో కనిపెట్టి నవ్వేది. ఆ నవ్వు నరసక్క చూడలేకపోయింది.

పని దిగాక శివరాజు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, మట్టి. పలకలు కడిగే ట్యాంకరు నీళ్ళలోనే ఏదో ఉందని అతని గట్టి నమ్మకం. బెంగళూరు వాళ్ళు అదే తేలుస్తారు, అప్పుడు దేవరాజ్ గొంతు పట్టుకుంటానన్నాడు. అతను అంత నమ్మకంగా మాట్లాడుతుంటే నరసక్క దుప్పటి అంచులు సర్దుతూ కూచుంది. మరునాడు తాను పెళ్ళాం దగ్గర ఉంటానని, ఇంటికి పోయి స్నానం చేసి బట్టలు తెచ్చుకోమని అత్తను పంపాడు.

బస్సు దిగి నడుస్తుంటే కంచె వెంట పలకలు ఎండకు మెరుస్తూ కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. ఒకప్పుడు మంద ఆ నేల మీదే తిరిగేది. ఇప్పుడు కంచెకూ రోడ్డుకూ మధ్య ఉన్న సందులో ఓబులేశ్ జీవాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మేస్తున్నాయి. మేపు లేదు కాబట్టే అమ్మేసి గూడ్సు ఆటో కొనాలని వాడి ఆలోచన. తప్పు పట్టడానికి లేదు.

ఇంటి వెనక తొట్టి దగ్గర ధనుశ్రీ ఒంగి నిలబడి ఉంది. కుడి చేతి రైక మోచేతి పైకి మడిచి, బట్టల సబ్బుతో మణికట్టు నుంచి పైదాకా రుద్దుకుంటోంది. గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది. గాజులు తీసి రాయి మీద పెట్టింది. దొడ్డి మూలన కొత్తగా తవ్విన మట్టి. అత్తను చూసి ఆ పిల్ల ముఖం ఏడుపుకొచ్చింది.

"అత్తా, ఈసారి కూడా..."

నరసక్క సంచి పడేసి, చేత్తో కోడలి నోరు మూసింది. తర్వాత చెంబుతో నీళ్ళు ముంచి ఆ చేతి మీద పోసింది. పోస్తూ వేలి పక్కన చిన్న చీలిక చూసింది, జొన్నకర్ర కోసుకున్నదేమో, నీళ్ళు తగిలినప్పుడల్లా ధనుశ్రీ ముఖం చిట్లించుకుంటోంది. ఆడబిడ్డ మంచాన పడితే కోడలు చెయ్యి పెట్టక ఎవరు పెడతారు అనుకుంది నరసక్క. ఇంకొక చెంబు పోసింది.

ఓబులేశ్ మంద తోలుకుని వచ్చాక తల్లిని పక్కకు పిలిచాడు. అక్క ఎట్లుందని ముందు అడిగాడు. వాడికి అక్కంటే ప్రాణం, ఆ మాట ఎవరూ కాదనలేరు.

"అమా, బేరం కుదిరినట్టే ఉండాది. రేపో మాపో వచ్చి తోలుకపోతారు. ఆ ఈశ్వరప్ప మీ పక్కనే ఉండాడంట కదా. ఆస్పత్రిలో నోరు జారొద్దు."

"అక్కకు ఆ చెవి కూడా పోతాంది రా."

"బెంగళూరోళ్ళు చెప్తారు కదమా. మనం చెప్పేదేముండాది? ఇంట్లో కడుపుతో మనిషి ఉండాది, మర్చిపోవద్దు."

మర్చిపోలేదు కాబట్టే ఇన్నాళ్ళు నోరు కట్టుకుని ఉంది. బట్టలు సంచిలో కుక్కుకుని చివరి బస్సు పోకముందే బయలుదేరింది.

*

బెంగళూరు కబురు వచ్చిన పొద్దున శివరాజు పనికి పోయాడు. ఓబులేశ్ ఇడ్లీ పొట్లం, ఎళనీరు కొబ్బరిబోండాం పట్టుకుని అప్పుడే వచ్చాడు. మంద మధ్యాహ్నం తోలుకుపోతారని తల్లి చెవిలో చెప్పి, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ఈశ్వరప్ప తల్లికి పాలు తాగిస్తున్నాడు.

డాక్టరమ్మ ముఖం చూడగానే సంగతి పూర్తిగా తేలలేదని నరసక్కకు తెలిసిపోయింది. టీబీ గుర్తు దొరకలేదట. బూజు జాతులు ఏవీ లేవట. గొర్రెల్లో మేకల్లో ఉండే ఒక బాక్టీరియా, బ్రూసెల్లా అని, దాని తాలూకు ముక్కలు కొన్ని కనబడ్డాయట. అయితే మరీ తక్కువ. రోగికి జీవాలతో పొత్తు ఉంటే అదే జబ్బు అనుకోవచ్చు, లేకపోతే ఎక్కడిదో సీసాకు అంటుకుని వచ్చిందేమో, మీరే పోల్చి చూసుకోండని బెంగళూరు వాళ్ళు అన్నారు. టీబీ దొరకనంత మాత్రాన అది లేదని కూడా చెప్పలేమన్నారు. మీరేమో జీవాలు లేవన్నారు, అంది డాక్టరమ్మ. రక్తం ఇంకొక పరీక్షకు పంపి, అది వచ్చేదాకా పాత మందులే నడపాలి. పొత్తు ఉందని తెలిసి ఉంటే ఈ పూటే మందు మార్చేసేదాన్నంది. చెవికి మాత్రం అంత ఓపిక లేదు.

నరసక్క నమ్ముకున్న మిషను సగం చెప్పి ఆగి, మిగతా సగం ఆమె నోటికే వదిలేసింది. దాని మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. గోడ మీది బల్లిని చూస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడింది. పక్కన ఈశ్వరప్ప చెంచా గ్లాసులో ఆగిపోయింది. ఓబులేశ్ ఎళనీరు కాయను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

డాక్టరమ్మ వెళ్ళబోతూ ఆగింది. చుట్టాల ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ, పచ్చి పాలు తాగడం గానీ, చచ్చిన పిల్లలను, మాయను ఉత్త చేత్తో తీయడం గానీ జరిగిందేమో గుర్తు చేసుకోమంది. ఈ క్రిమి చేతి మీద చిన్న గీత ఉన్నా దూరుతుంది. గొర్రెల కడుపులు జారేది దీనివల్లే. మనుషులను కూడా వదలదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి అంటుకుంటే ఆ బిడ్డ నిలవకపోవచ్చు.

ఆ ఆఖరి మాట వరకు నరసక్క మామూలుగానే విన్నది. అది విన్నాక మంచం అంచు పట్టుకుంది.

"మా కోడలు కడుపుతో ఉండాది," అంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఏ కోడలు, ఎక్కడ అని అడిగింది.

"మొన్న చేతికి నేనే నీళ్ళు పోసినా. వేలికి చీలిక ఉండాది. నేనే చూసినా, చూసి నీళ్ళు పోసినా."

"అమా," అన్నాడు ఓబులేశ్.

నరసక్క వాడి వంక చూడలేదు. చూస్తే నోరు మళ్ళీ పడిపోతుందని ఆమెకు తెలుసు. మా ఇంట్లో మంద ఉండాది, ఈ ఏడాది కడుపులు జారినాయి, అన్నీ నా బిడ్డే తీసింది, అది మంచాన పడినాక కోడలు తీస్తాంది అని, ఇన్ని నెలలు గొంతులో పెట్టుకున్నదంతా నిలబడ్డచోటే చెప్పేసింది. ఇంటి కడుపు మీదికి రావాల్సిందేదో ఈ క్షణంలోనే బయలుదేరిందని ఆమెలో సగం ఇంకా నమ్ముతూనే ఉంది. అది తన నోటి నుంచి కాదు, తాను పోసిన నీళ్ళ కింది చేతి నుంచి ఎప్పుడో బయలుదేరిందని మిగతా సగానికి తెలిసింది. రెండు భయాలూ ఒకేసారి పట్టి ఊపుతుంటే కూచోవాలని కూడా తోచలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఓబులేశ్ వైపు తిరిగి, ఇంటావిడ ఇక దొడ్డిలో అడుగు పెట్టకూడదని, వెంటనే ఇక్కడికి తెచ్చి రక్తం చూపించమని, పశువుల డాక్టరుకు చెప్పేదాకా మందలో ఒక్క జీవం కూడా చేతులు మారకూడదని చెప్పింది. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు. కాసేపటికి ఎళనీరు కాయ కింద పెట్టి, ఫోను తీసి, వరండాలోకి పోయాడు. ధనుశ్రీ ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ కొట్టాడు. "ఈడ అక్క... యాడున్నావు? దొడ్లోనుంచి బయటికి రా. ఏమీ ముట్టుకోవద్దు. నేను వస్తాండా," అంటున్న వాడి గొంతు లోపలికి వినబడింది. తర్వాత ఇంకెవరికో ఫోను చేసి, మధ్యాహ్నం రావొద్దన్నాడు. ఎందుకని వాళ్ళు అడిగినట్టున్నారు. జీవాలకు బాగలేదప్పా అన్నాడు.

డాక్టరమ్మ మంచం పక్కకు వచ్చింది. రోగిని కూడా ఒకసారి అడగాలి, ఎప్పుడు మొదలైంది, చేతికి గాయాలుండేవా, పిల్లల ముక్కుల్లో నోరు పెట్టి ఊదిందా అని. నరసక్క కుడి చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. నేత్రావతి తల అడ్డంగా ఊపింది, వినబడలేదని. కొంచెం గట్టిగా అడిగింది. నేత్రావతి పెదాల వంక చూసి, తినేసినానమ్మా అంది.

అప్పుడు నరసక్క అరిచింది. వార్డులో అందరూ తిరిగి చూసేలా, ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేలా అరిచింది.

"చచ్చిన పిల్లలను తీసినావు కదే. ఎప్పటి నుంచి? చేతికి దెబ్బలుండెనా? ఊదినావా నోటితో?"

ఈసారి వినబడింది. నేత్రావతి ముందు పక్క మంచం వైపు, ఈశ్వరప్ప వైపు చూసింది. తర్వాత కంగారుగా తల్లి చెయ్యి పట్టి లాగింది, మెల్లగా అన్నట్టు.

"చెప్పొచ్చునా అమ్మా?"

నరసక్క తల ఊపింది.

నేత్రావతి కుడి చెయ్యి దుప్పటి పైకి తీసి, మోచేతి మీద ఎడమ చేతి వేలు పెట్టి, ఇంత వరకు పెట్టేదాన్నని డాక్టరమ్మకు చూపించింది. గడ్డి కోసిన గీతలు ఎప్పుడూ ఉండేవంది. ఊదానంది, అన్నిటికీ ఊదానంది. కన్నడంలో, తొందరపడకుండా, ఎవరో అడుగుతారని ముందే సిద్ధం చేసుకున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ విని, నర్సును పిలిచి మందుల పేర్లు చెప్పింది. నెలల తరబడి వాడాల్సి ఉంటుంది, కాళ్ళ మీద తనకు నమ్మకం ఉంది, కుడి చెవి ఎంత నిలుస్తుందో చూడాలి, ఎడమ చెవి మీద ఆశ పెట్టుకోవద్దంది. అంతా తొందరగానే జరిగిపోయింది. సూది గుచ్చడానికి నరం వెతుకుతూ నర్సు ఆ సన్నటి చేతిని రెండుసార్లు తట్టింది. ఈశ్వరప్ప పాల గ్లాసు పక్కన పెట్టి బయటికి పోయాడు.

సీసాలోంచి మందు దిగుతుంటే నేత్రావతి తల్లిని దగ్గరికి రమ్మని కళ్ళతో పిలిచింది. తన గొంతు తనకే వినబడక కొంచెం పెద్దగానే అంది.

"జ్వరం వచ్చినప్పుడే నాకి అనుమానమే అమ్మా. చచ్చిన పిల్లలే తెచ్చినాయేమో అని. ఈడికొచ్చిన రోజే చెబుదామనుకున్నా. ఆమె జీవాలుండాయా అని అడిగితే నువ్వు లేవని తల ఊపినావు. నీ మొగం చూసి ఊరుకున్నా."

నాదే తప్పు బిడ్డా అంది నరసక్క. నేత్రావతి పెదాల వంక చూసింది గానీ పోల్చుకోలేక, ఏమంటివి అని అడిగింది. ఇందాక వార్డంతా వినేలా అరిచిన మనిషికి ఆ ఒక్క మాట రెండోసారి అనడానికి గొంతు రాలేదు.